చిత్తుప్రతిలో మెకంజీ

"కర్నల్ కాలిన్ మెకంజీ దక్షిణాపథంలో ఊరూరా తిరిగి, ప్రజలనడిగి, స్థానిక చరిత్రలను వ్రాసి, భావితరాలకు భద్రపరిచాడు."

ఎం.ఏ. చరిత్ర చదువుతున్న రోజుల్లో నేను సమర్పించవలసిన పరిశోధన పత్రానికి వ్రాసుకున్న చిత్తుప్రతిలో ఇది మొట్టమొదటి వాక్యం. వ్రాసినప్పుడు చాలా గంభీరంగా ఉందనిపించింది. పైకి రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా. నాలుగు రోజుల తరువాత మా మాస్టారు కాగితాలు తిరిగి ఇచ్చినప్పుడు ఆ వాక్యంలోని నాలుగు క్రియల కిందా ఎర్రసిరా గీతలున్నాయి. మార్జినులో నాలుగుసార్లు ఒకటే మాట: ఎవరు? ఎవరు? ఎవరు? ఎవరు?

ఇందులో అడగడానికేముంది, కర్త వాక్యం మొదట్లోనే ఉన్నాడు కదా అనుకున్నాను. ఆ మాటే ఆయనతో అంటే, "కర్త ఉన్నాడోయ్, పని చేసినవాడు ఉన్నాడా అని" అన్నారు. మన భాషలో అసమాపక క్రియలిచ్చే సౌకర్యం గొప్పది. ఒక పెద్దమనిషిని వాక్యం తలవాకిట కూర్చోబెడితే చాలు, ఆ తరువాత ఎన్ని "తిరిగి"లు, "అడిగి"లు, "వ్రాసి"లు పేర్చుకుంటూ పోయినా అన్నీ ఆయన ఖాతాలోనే జమ అవుతాయి. ఈ సౌకర్యం చరిత్ర వ్రాసేవాడికి ఎంత ప్రమాదమో అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

నా పత్రం విషయం గుంటూరు సీమ కైఫియత్తులు. కైఫియత్తు అంటే ఒక గ్రామం తన గురించి తాను చెప్పుకున్న వృత్తాంతం. ఫలానా సర్కారు, ఫలానా తాలూకా, మౌజే ఫలానా అంటూ మొదలవుతుంది. ఊరికి ఆ పేరెలా వచ్చింది, అడవి కొట్టి ఊరు కట్టించినదెవరు, ఏ దేవుణ్ణి ఎవరు ప్రతిష్ఠించారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఎవరికి ఏ ఇనాములున్నాయి – ఇలా సాగుతుంది. మధ్యలో ప్రభువులు వరుసగా వచ్చిపోతారు: గజపతులు, రెడ్లు, రాయలవారు, గోల్కొండ నవాబులు, మొగలాయీలు, చివరికి కుంఫిణీవారు. గుంటూరు సర్కారు 1788లో కుంఫిణీ చేతికి వచ్చింది గనుక, ఈ కైఫియత్తులు వ్రాసేనాటికి ఆ చివరి మార్పు పాతికేళ్ళ లోపు సంగతే. ముసలివాళ్ళకు బాగా జ్ఞాపకం ఉన్నదే.

భాష కూడా అలాంటిదే. మిరాశీ, సనదు, ఫసలీ, దస్కతు వంటి పారశీకపు కచేరీ మాటలూ, శుద్ధమైన పల్లెటూరి తెలుగూ ఒకే వాక్యంలో పక్కపక్కనే కూర్చుంటాయి. కైఫియత్తు అన్న మాటే అరబ్బీ నుంచి వచ్చింది. మనం చిత్తుకు ఎదురుగా వాడే "సాపు" కూడా ఆ దారిన వచ్చిందే, సాఫు నుంచి. ఆ సంగతి తెలిసిన రోజున ఎందుకో తెలియని సంతోషం కలిగింది.

నేను చిత్తుప్రతి తయారుచేసిన పద్ధతి అందరిదీ ఒకటే. దళసరి కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి కార్డులుగా వాడుకున్నాను. ఒక్కొక్క కార్డు మీద పైన విషయం, కింద మూలం పేరు, పుట సంఖ్య, మధ్యలో సారాంశం. దాదాపు రెండు వందల కార్డులయ్యాయి. వాటిని మంచం మీద పరచి, చెరువులొకచోట, దేవాలయాలొకచోట, ఇనాములొకచోట పెట్టి, ఆ కుప్పల వరుసలోనే ప్రకరణాలు వ్రాసుకుపోయాను. ఎంత శుభ్రంగా ఉందో! ప్రతి కార్డు మీదా మూలం ఉంది. ఆ మూలంలో మాట్లాడుతున్నదెవరన్నది మాత్రం ఒక్క కార్డు మీదా లేదు.

ఎర్రసిరా ప్రశ్నలకు జవాబు వెదుకుతూ కార్డులన్నీ మళ్ళీ మొదటినుంచి చూడవలసివచ్చింది. అప్పుడు బయటపడింది నా తప్పొకటి. చిన్నదే, కానీ పత్రం మొత్తాన్ని తలకిందులు చేసింది.

ఒక కైఫియత్తు చివర ఫసలీ 1221 అనీ, ప్రజోత్పత్తి నామ సంవత్సర మాఘమాసమనీ ఉంది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని చదువుకున్నాం. కలిపి, 1811 అని కార్డు మీద వేసేశాను. ఐతే ఫసలీ సంవత్సరం జూలైలో మొదలై మరుసటి ఏడాది జూలై దాకా నడుస్తుంది. ప్రజోత్పత్తి ఉగాది 1811లోనే గాని, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. అంటే ఆ కాగితం 1812 తొలి మాసాలది.

ఒక్క ఏడాది తేడా వస్తే కొంప మునిగేదేముంది అనిపించవచ్చు. 1811 మొదటి నెలల్లో మెకంజీ మద్రాసులో ఉన్నాడు. ఆ వేసవిలో కుంఫిణీ సేనలతో పాటు ఓడెక్కి జావాకు వెళ్ళాడు. అక్కడ డచ్చివారితో యుద్ధం, ఆ తరువాత ఆ ద్వీపం సర్వే. 1812లో పెళ్ళి కూడా అక్కడే చేసుకున్నాడు. 1813లో తిరిగి వచ్చినా ఉత్తర హిందూస్థానం చూసుకుంటూ, మళ్ళీ మద్రాసు చేరేసరికి 1815 అయింది. నా కైఫియత్తును కరణం వ్రాస్తున్న ఆ మాఘమాసంలో, "ఊరూరా తిరిగి, ప్రజలనడిగి" అని నేను కీర్తించిన మహానుభావుడు సముద్రానికి అవతల ఉన్నాడు!

మిగతా కార్డుల తేదీలు వణుకుతున్న చేతులతో చూశాను. జావా ప్రయాణం నాటివి మరికొన్ని ఉన్నాయి. దొర లేడు, పని మాత్రం ఆగలేదు.

నడిపించిందెవరన్నది కొత్తగా కనిపెట్టవలసిన రహస్యమేమీ కాదు. నేను చదివిన పుస్తకాల్లోనే ఉంది, పాదసూచికల్లో. ఏలూరుకు చెందిన కావలి సోదరులు: వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. బొర్రయ్య 1790ల నడుమ మెకంజీ దగ్గర చేరాడు. సంస్కృతం, తెలుగు, కన్నడం, తమిళం, పారశీకం, ఇంగ్లీషు వచ్చినవాడు. పాత కన్నడ శాసనాలు చదవగలిగాడు. ఒక జైన గురువునడిగి తెలుసుకుని అతడు అనువదించి ఇచ్చిన జైనుల వృత్తాంతం "ఏషియాటిక్ రిసెర్చెస్" తొమ్మిదో సంపుటిలో అతడి పేరుతోనే అచ్చయింది. అచ్చు చూసుకునే యోగం అతనికి లేదు. 1803లోనే, ముప్ఫయ్యేళ్ళు నిండకుండా పోయాడు. తరువాత ఆ బాధ్యత తమ్ముడు లక్ష్మయ్య మీద పడింది. రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించాడు.

లక్ష్మయ్య కింద మరికొందరు. నారాయణరావు, బాబూరావు, నిటల నాయన మొదలైనవారు జిల్లాలు పంచుకుని తిరిగారు. నెలనెలా నివేదికలు పంపారు. ఏ ఊరికి ఏ రోజు వెళ్ళిందీ, ఎవరిని కలిసిందీ, ఎవరు కాగితాలు చూపించిందీ, ఎవరు చూపించనన్నదీ అన్నీ వ్రాశారు. కుంఫిణీ మనుషులు వచ్చి పాత ఇనాముల సంగతి అడుగుతుంటే ఊరివాళ్ళకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? పన్ను వేయడానికో, మాన్యం లాక్కోవడానికో అనుకునేవారు. ఎండల్లో జ్వరాలతో తిరిగి, ఆ అనుమానాలు తీర్చి, కాగితం చేతికి తీసుకోవడమే వాళ్ళ ఉద్యోగం.

మెకంజీకి అన్యాయం చేయాలని నాకు లేదు. ఏమేమి అడగాలో పట్టికలు వ్రాసి ఇచ్చింది ఆయనే. కుంఫిణీ ఇచ్చింది చాలక సొంత జీతంలోంచి ఈ మనుషులను పోషించింది ఆయనే. కొన్నిచోట్లకు తానే స్వయంగా వెళ్ళాడు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టించుకుంటుంటే దీపాలదిన్నెలో బొమ్మలు చెక్కిన రాళ్ళు బయటపడ్డాయని విని 1798లో అమరావతి చేరాడు. 1816లో చిత్రకారులతో మళ్ళీ వెళ్ళేసరికి స్తూపం నడిమి భాగాన్ని తవ్వి కోనేరు చేస్తున్నారు, పలకలెన్నో ఎక్కడెక్కడికో పోయాయి. ఆయన గీయించకపోతే వాటిలో కొన్నిటి రూపం కూడా మనకు దక్కేది కాదు. అన్నిటికన్నా మించి, దేశభాషలు రాకపోవడం తనకు పెద్ద అడ్డంకి అయిందనీ, బొర్రయ్య పరిచయంతోనే తనకు ఈ దేశపు విద్యల వాకిలి తెరుచుకుందనీ 1817లో అలెగ్జాండర్ జాన్స్టనుకు వ్రాసిన ఉత్తరంలో తానే ఒప్పుకున్నాడు. మెకంజీ దాచుకోని సంగతిని దాచింది నా వాక్యం.

1816లో థామస్ హిక్కీ వేసిన తైలవర్ణ చిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. ఎర్రకోటుతో మెకంజీ, చుట్టూ ముగ్గురు భారతీయులు. దుర్భిణి పట్టుకున్నవాడు బంట్రోతు కృష్ణాజీ అనీ, తాళపత్రాలు పట్టుకున్నవాడు జైన పండితుడు ధర్మయ్య అనీ, మూడోవాడు మన లక్ష్మయ్య అనీ చెబుతారు. వెనుక కొండ మీద కార్కళ గోమఠేశ్వరుడు. నేను ఆ బొమ్మను పత్రం మొదట్లో అతికించి, కింద "కర్నల్ మెకంజీ" అని మాత్రమే వ్రాశాను. నలుగురున్న బొమ్మకు ఒక్క పేరు!

ఇంక రెండో చిత్తు. కొత్తగా కళ్ళు తెరుచుకున్నవాడి ఉత్సాహంతో వ్రాశాను గనుక దాని లోపం దానికుంది. మెకంజీ కూర్చున్న కుర్చీలోంచి ఆయన్ని లేపి లక్ష్మయ్యను కూర్చోబెట్టాను. "లక్ష్మయ్య తిరిగి, అడిగి, వ్రాసి..." వాక్యం అదే, పేరు మారింది. మాస్టారు ఈసారి ఒక్క క్రియ కిందే గీత గీశారు. "వ్రాసి."

నిజమే. కైఫియత్తు వ్రాసింది లక్ష్మయ్యా కాదు, నారాయణరావూ కాదు. చాలావాటిని వ్రాసినవాడు ఆ ఊరి కరణం. తన ఇంట్లో తరతరాలుగా ఉన్న కవిలె కట్టలు విప్పి, అందులోంచి తీసి, తనకు తెలిసినది కలిపి వ్రాశాడు. ఆ పనికి అతనికన్నా సమర్థుడు ఊళ్ళో లేడు. ఐతే ఆ కాగితంతో అతనికున్నంత అవసరం కూడా ఊళ్ళో ఇంకెవరికీ లేదు.

గుంటూరు సీమ కైఫియత్తులు వరుసగా చదివినవారికి గోపరాజు రామన్న సుపరిచితుడు. గజపతి సింహాసనం మీద గణపతి మహారాజు ఉండగా ఆయన మహాప్రధాని గోపరాజు రామన్న, శాలివాహన శకం 1067 రక్తాక్షి సంవత్సరంలో సూర్యగ్రహణ పుణ్యకాలాన నియోగులకు గ్రామ కరణీకపు మిరాశీలు నిర్ణయించాడని ఊరి తరువాత ఊరిలో, దాదాపు అవే మాటల్లో వస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నేను పొంగిపోయి ప్రత్యేకంగా కార్డు వ్రాసుకున్నాను. పదోసారికి ఇన్ని ఊళ్ళు చెబుతున్నాయి గనుక ఇది తిరుగులేని సాక్ష్యమని చిత్తుప్రతిలో వ్రాసేశాను.

లెక్క కట్టి చూడండి. శక 1067 అంటే ఇంచుమించు 1145. గజపతుల రాజ్యాన్ని కపిలేంద్రుడు స్థాపించింది 1434 ప్రాంతంలో. కాకతి గణపతిదేవుడనుకుందామంటే ఆయన పట్టానికి వచ్చింది 1199లో. ఇద్దరిలో ఎవరికీ ఆ గ్రహణం అందదు. పది ఊళ్ళు ఒకే మాట చెబితే పది సాక్ష్యాలు కావు, ఒకరిని చూసి ఒకరు చెప్పుకున్న ఒకే సాక్ష్యం కావచ్చునన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. కరణం అబద్ధమాడాడని కాదు నేననేది. అతనికి తాత చెప్పింది, తాతకు కవిలె చెప్పింది. కానీ దొరగారి మనిషి వచ్చి ఊరి చరిత్ర వ్రాసిమ్మంటే, 1802లోనే కరణాల మీద ప్రత్యేకంగా ఒక రెగ్యులేషను చేసిన కుంఫిణీ ప్రభుత్వానికి చేరే కాగితమది అని తెలిసిన కరణం, తన మిరాశీ ఎంత పాతదో అందులో చెప్పకుండా ఎలా ఉంటాడు? నేనైనా చెబుతాను.

కనుక ఆ వాక్యం 12వ శతాబ్దానికి సాక్ష్యం కాదు. 1812 నాటి కరణం మనసుకు మాత్రం దానికన్నా మంచి సాక్ష్యం దొరకదు. కార్డును ఒక కుప్పలోంచి తీసి ఇంకో కుప్పలో పెట్టాను. అలా మార్చినవి ఇంకా చాలా ఉన్నాయి. మార్చడానికి కార్డే లేనివి కూడా ఉన్నాయి. ఊరు కట్టినప్పుడు అడవి కొట్టినవాళ్ళు, చెరువు కట్టకు మట్టి మోసినవాళ్ళు, మాలమాదిగ పల్లెలు, ఆడవాళ్ళు – వీళ్ళను లక్ష్మయ్య మనుషులు ప్రత్యేకంగా అడిగిన జాడ నేను చదివినవాటిలో కనిపించలేదు. కరణానికి తోచినంత మేరకే వాళ్ళు కాగితం మీదికి వచ్చారు.

మెకంజీ 1821 మే 8న చనిపోయాడు. అప్పటికి ఆయన సేకరణకు ఒక క్రమమైన పట్టిక కూడా తయారుకాలేదు. ప్రభుత్వం భార్యకు లక్ష రూపాయలిచ్చి అంతా కొనుక్కుంది. 1828లో విల్సన్ కలకత్తాలో ప్రచురించిన వివరణ పట్టిక ప్రకారం 1,568 సాహిత్య గ్రంథాలు, 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసనాల నకళ్ళు, 2,159 అనువాదాలు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు. ఒక మనిషి జీవితకాలపు చిత్తుప్రతి అది. సాపు చేయకుండానే వెళ్ళిపోయాడు. పట్టిక తయారుచేసిన విల్సన్ గొప్ప సంస్కృత పండితుడే గాని దక్షిణాది భాషల్లో ప్రవేశం లేనివాడు. ఆ భాషల గ్రంథాలకు ఈ పండితులు ఇంగ్లీషులో వ్రాసిపెట్టిన సంగ్రహాలే ఆయనకు ఆధారం.

సాపు చేయగలిగినవాడు ఒకడున్నాడు. లక్ష్మయ్య మద్రాసులో తోటివారితో కలిసి హిందూ సాహిత్య సంఘమొకటి పెట్టి, మెకంజీ మొదలుపెట్టిన పరిశోధనను తాను కొనసాగిస్తానని, తోడ్పడమని అర్జీ పెట్టుకున్నాడు. అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్ళింది. వాళ్ళ సంఘం 1836లో నివేదిక ఇచ్చింది. సేకరించడంలో అతని శ్రద్ధ మెచ్చుకోదగ్గదే గాని, సేకరించినదాన్ని పరిశీలించి తీర్పు చెప్పే పని అతని స్థాయికి మించినదని దాని తాత్పర్యం. ఆ సొసైటీకి అప్పటి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. మరుసటి ఏడాదే బ్రాహ్మీలిపిని చదివి శాశ్వతకీర్తి పొందినవాడు. ఆయనకు పాళీలో తోడ్పడింది రత్నపాల, సంస్కృతంలో తోడ్పడింది కమలాకాంత విద్యాలంకారుడు. ఇంకొకరి సహాయం లేకుండా ఈ పని సాగదని ఆయనకన్నా బాగా తెలిసినవారెవరు? మెకంజీ కాగితాలను పరిశీలించే పని చివరికి మద్రాసులో విలియం టేలర్ అనే మతాచార్యునికి దక్కింది.

నలభై ఏళ్ళు చిత్తు వ్రాసినవాణ్ణి సాపు వ్రాయడానికి తగవన్నారు. ఈ భాగం వ్రాస్తున్నప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. ఆ కోపం రెండో చిత్తులో రెండు పుటలు ఆక్రమించింది. మూడో చిత్తులో దాన్ని నాలుగు వాక్యాలకు కుదించాను. కోపం తగ్గి కాదు, నాలుగు వాక్యాల్లోనే ఎక్కువ కనిపించింది.

ఆ కైఫియత్తులు ఆ తరువాత పురుగులకు, తేమకు లోబడి పొడి అయిపోతుంటే వాటికి నకళ్ళు వ్రాయించినవాడు సి.పి. బ్రౌన్. ఇక్కడ కూడా "వ్రాయించినవాడు" అన్నానని గమనించండి. వ్రాసినవాళ్ళు జీతానికి కుదిరిన తెలుగు లేఖకులు. ఈనాడు మనం చదువుకుంటున్నవాటిలో చాలావరకు వాళ్ళ చేతివ్రాత. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా ప్రచురించింది. గుంటూరు జిల్లావి కూడా అచ్చయ్యాయి. ఎవరి ఊరి సంగతి వాళ్ళు వెదుక్కోవచ్చు. వెదికేటప్పుడు ఫసలీకి 590 మాత్రం నెల చూసి కలుపుకోండి.

మూడో చిత్తు మొదటి వాక్యం వ్రాయడానికి నాకు వారం పట్టింది. చివరికి ఇలా కుదిరింది: "1812 మాఘమాసంలో, మెకంజీ జావాలో ఉండగా, లక్ష్మయ్య పంపిన మనిషి అడిగితే, గుంటూరు సీమలో ఒక కరణం తన కవిలె చూసి ఈ కైఫియత్తు వ్రాసిచ్చాడు." గాంభీర్యమేమీ లేదు. అయినా ప్రతి పనికీ ఒక మనిషి ఉన్నాడని తృప్తి పడి, సాపు వ్రాసి, కుట్టించి, మాస్టారికి ఇచ్చాను.

ఆయన మొదటి పుట చదివి, కైఫియత్తు నకలు ఉన్న అనుబంధం తిరగేసి, చివరి పంక్తి దగ్గర వేలు పెట్టారు. అక్కడ కరణం వ్రాలు ఉంది, ఇంటిపేరుతో సహా.

"ఒక కరణం ఏమిటోయ్?" అన్నారు.

సాపు ప్రతిలో, పంక్తుల మధ్య ఉన్న ఖాళీలో, ఆయన ఎదుటే నిలబడి ఆ పేరు చేత్తో వ్రాశాను.